దీపం పురుగుల చిట్టా

తొలకరి పడ్డాక, అమావాస్య దగ్గరి రాత్రి, పొలంలో దండెం మీద తెల్ల పంచె కట్టి, ముందు బల్బు వెలిగించి కూర్చునేవాళ్లను చూసి నవ్వేవాళ్లే ఎక్కువ. దీపం పురుగుల్ని ఫొటో తీయడమూ ఒక పనేనా అని. నాకైతే అది మహా ఓపిక కావాల్సిన విద్య.

మనదేశంలో ఈ దీపం పురుగులు, అంటే మాత్‌లు, పదివేల రకాలకు పైనే. ఆముదం చేలో దాసరి పురుగు తెలియని రైతు నల్లగొండ వైపు ఉండడు. అదే రెక్కలొచ్చి పంచె మీద వాలితే ఎంతమంది పోల్చుకుంటారు? పై రెక్కలు ఎండుటాకు రంగు, చూడ్డానికి ఏమీ ఉండదు. కాస్త కదిలి కింది రెక్క బయటపడిందా, నల్లటి నలుపు మీద తెల్ల పట్టీ, అంచున తెల్ల మచ్చలు. ఆ క్షణం దొరికితేనే ఫొటో పనికొస్తుంది. (ఆముదం ఆకు మేసి పెరిగిన ఈ దొరగారే తర్వాత బత్తాయికి బెజ్జం పెట్టి రసం పీలుస్తారు.)

పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, దగ్గర స్కేలు. తేదీ, వేళ, చోటు, వాన పడిందా లేదా. ఇవి రాయని ఫొటో ఉత్త బొమ్మే. తెల్లవారకముందే దీపం ఆర్పి పురుగుల్ని వదిలేయాలి, లేదంటే ఏట్రింత పిట్టలకు పెళ్లిభోజనం.

1892–96 మధ్య కీటక శాస్త్రవేత్త హాంప్సన్ నాలుగు సంపుటాల్లో మనదేశపు మాత్‌లను వర్ణించాడు, సూదికి గుచ్చిన నమూనాలు చూసి. బతికున్న మాత్ రెక్కలెలా మడుస్తుందో పొలంలో తీసిన ఫొటోలే చెప్పాలి. అయినా కొన్ని జాతులు ఫొటోకు లొంగవు, కోసి చూడాల్సిందే. అలాంటప్పుడు చిట్టాలో పేరు గడి ఖాళీగా వదిలేసేవాళ్లంటే నాకు మరీ గౌరవం.