డ్రామా అనకండి

“అంతా డ్రామా మేడమ్. పెళ్లి చేస్తే అదే దారిలో పడుతుంది.” మైలవరంలో నేను కౌన్సెలింగ్ చేసేచోట తల్లిదండ్రుల నోట ఈ మాట వింటూనే ఉంటాను. వాళ్లు తీసుకొచ్చిన కూతురికి పొద్దున ప్రాణమనుకున్న స్నేహితురాలు సాయంత్రానికి శత్రువవుతుంది. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే తనను వదిలేశారని ఆ పిల్ల వణికిపోతుంది. తనను తానే గాయపరచుకుంటుంది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ కావచ్చు, కాకపోవచ్చు. తేల్చాల్సింది సైకియాట్రిస్టు. ఏదైనా సరే, పెళ్లి దానికి వైద్యం కాదు.

ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఇప్పటిదాకా లేదు. కుంగుబాటు వంటివి తోడైతే డాక్టరు మందులు రాస్తారు, వాడాలి. అసలు పని మాత్రం థెరపీది. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్షా లినహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ మీద తొలి పరీక్షా ఫలితాలు 1991లో వెలువడ్డాయి. పదిహేడేళ్ల వయసులో తానూ తనను గాయపరచుకుంటూ మానసిక ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో బయటపెట్టారు. ఆ నరకం చూసి వచ్చిన మనిషి కట్టిన పద్ధతి కాబట్టే కాబోలు, అందులో రోగిని తప్పుపట్టే ధోరణి ఉండదు.

ఈ పద్ధతిలో వారంవారం విడిగా థెరపీ, గ్రూపులో శిక్షణ, తట్టుకోలేని ఘడియలో థెరపిస్టుకు ఫోన్. పూర్తి చికిత్స దాదాపు ఏడాది. మనవైపు ఇదంతా ఒక్కచోట దొరకడం కష్టం. వారంవారం బెజవాడ వెళ్లిరావాలంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది.

అందుకే ఇంటివాళ్లకు ఒక్కటైనా నేర్పాలని నా పట్టుదల. “నేనంటే ఎవరికీ ఇష్టం లేదు” అని పిల్ల ఏడిస్తే, “నీకేం తక్కువ చేశాం?” అనకండి. “నీ స్నేహితురాలు ఫోన్ ఎత్తకపోయేసరికి భయమేసింది కదమ్మా” అనండి. గాయపరచుకోవడం సరైనదని ఒప్పుకోమనడం లేదు, ఆ భయం నిజమని ఒప్పుకోమంటున్నాను. మార్పు గురించి మాట్లాడేది ఆ తర్వాతే. వినడానికి ఎంత తేలికో, అనడానికి అంత కష్టం. మామిడితోట చేసే ఒక తండ్రికి నా ముందు ఈ ఒక్క వాక్యం పలకడానికి గొంతు పెగల్లేదు. రెండోసారి అన్నాడు. కూతురు తలెత్తి చూసింది.

అమెరికాలో మేరీ జనారిని బృందం ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో అత్యధికులకు లక్షణాలు బాగా తగ్గాయి. ఈ సంగతి చెప్పకుండా ఏ తల్లినీ పంపను. అర్ధరాత్రి గండం ముంచుకొస్తే పిల్లను ఒంటరిగా వదలకండి, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.