రేవు కనబడని దినములు

1974వ సంవత్సరము జనవరి మాసమున జపాను ప్రధానమంత్రి తనాకా కకుయే ఆగ్నేయాసియా దేశముల పర్యటనకు వెడలినపుడు, బ్యాంకాకు వీధులలో ఆయనకు ఎదురైనది విద్యార్థుల నిరసనఘోష. జకార్తా చేరునప్పటికి ఆ ఘోష జ్వాలగా మారి, 15వ తేదీన జపాను దేశపు మోటారుకార్లు నడివీధిలో తగులబడగా, అతిథిగా వచ్చిన ప్రధాని రాజభవనమునుండి విమానాశ్రయమునకు హెలికాప్టరులో పోవలసివచ్చెను. ఇండొనీషియా చరిత్రలో ‘మలారి’ యను పేర నిలిచిపోయిన సంక్షోభ మిదియే. ఆ రోజులలో ఆ దేశముల అంగళ్ల నిండ జపాను సరకు. కాని ఆ సరకును చేసినవాడు ఏమి తినునో, ఏమి పాడునో, దేనికి నవ్వునో, కొన్నవానికి తెలియు త్రోవ లేకుండెను. చిత్రమేమనగా, చరిత్రకారులు అల్లరిని మాత్రమే జ్ఞాపకముంచుకొన్న ఆ పర్యటనలోనే ఇండొనీషియా, మలేషియా, ఫిలిప్పీన్సు, సింగపూరు, థాయిలాండు దేశములతో జపాను వెలువరించిన సంయుక్తప్రకటనలలో ఒక చిన్న యేర్పాటు చోటుచేసికొన్నది: ఈ ఆరు దేశముల యువతీయువకులను ఒక్క ఓడ యెక్కించి, కొన్ని వారములపాటు కలసి బ్రతుకనిచ్చుట. ఆ యేడే కదలిన ఆ ఓడకు ‘ఆగ్నేయాసియా యువజన నౌక’ యని పేరు.

ఇది ఆకాశమునుండి ఊడిపడిన ఆలోచన కాదు. యుద్ధానంతరము జపాను ప్రజలకు విదేశయాత్ర గగనకుసుమమై, విహారార్థము దేశము దాటు స్వేచ్ఛ సామాన్యపౌరునకు 1964 ఏప్రిలులో గాని లభింపలేదు. అంతకు ముందే, 1959లో యువరాజు అకిహితో వివాహమును పురస్కరించుకొని, ప్రభుత్వము యువకులను కొందరిని ఏరి విదేశములకు పంపు పద్ధతిని ప్రారంభించెను. మెయిజీ శకమునకు నూరేండ్లు నిండుచున్న సందర్భమున, 1968 జనవరిలో, మొదటి ‘యువజన నౌక’ లంగరెత్తెను. దానికై వినియోగించిన ‘సాకురా మారు’ నిజమునకు పరదేశపు రేవులలో జపాను యంత్రములను, వస్తువులను ప్రదర్శించుటకై కట్టిన ఓడ. సరకు చూపుటకు పుట్టినది మనుష్యులను మోయుటకు మరలినదన్నమాట. ఇరువదియేండ్ల అనంతరము, 1988లో, ఆ యాత్రయే ఖండాంతరముల వారికిని తలుపులు తెరచి ‘ప్రపంచ యువజన నౌక’గా మారినది. భారతదేశపు యువజనులును దానిలో పలుమారులు పాల్గొనియున్నారు.

ఓడను బడిగా మార్చిన కీర్తి యంతయు జపానుదే యనుట సరికాదు. 1926 సెప్టెంబరులో ‘రిండామ్’ అను నౌకపై సుమారు ఐదువందలమంది అమెరికా విద్యార్థులు తమ ఆచార్యులతోగూడ భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. 1982లో జపాను పాఠ్యపుస్తకములందు యుద్ధచరిత్రను మెత్తబరచుటపై వివాదము రేగగా, మరుసటి యేడు వాసెదా విశ్వవిద్యాలయపు విద్యార్థులు కొందరు, ఆ చరిత్రను పొరుగుదేశముల నోటనే వినగోరి, ‘పీస్ బోట్’ను నడిపించిరి. అయినను మొదటిది ప్రధానముగ ఒకే దేశపు విద్యార్థుల చదువు; రెండవది టిక్కెట్టు కొన్నవారెల్లరకు తెరచిన ద్వారము. భిన్నదేశముల వారిని లెక్కప్రకారము ఏరితెచ్చి, ఎవరు ఏ గదిలో నిద్రింపవలెనో మొదలుకొని ఎవరు ఎవరితో చర్చింపవలెనో వరకు ముందుగనే అల్లిపెట్టిన యేర్పాటు మాత్రము ఈ జపాను నౌకలయందు పరిపక్వమైనదని నా అభిప్రాయము.

ఆ అల్లిక గదినుండి మొదలగును. ఆసియాన్ కూటమి పెరిగిన కొలది బ్రునై, వియత్నాము, లావోసు, మయన్మారు, కంబోడియాలు వచ్చి చేరగా, 2000 నాటికి ఆగ్నేయాసియా నౌకలోని దేశములు పదునొకండైనవి. అప్పట్లో ఒక్కొక్క దేశమునుండి సుమారు 28 మంది, వారి వెంట ఒక జాతీయనాయకుడు, ఆతిథేయులైన జపానువారు మరికొంత అధికముగ, వెరసి మూడువందలకు పైబడిన యువజనము. గదికి ముగ్గురు; ఆ ముగ్గురును మూడు దేశములవారు. మూడు పడకలు, చేయి చాచిన గోడ తగులునంత నడుమదారి, ఒక్క స్నానపుగది, ఒక్క అద్దము. తెల్లవారకముందే నమాజునకు లేచువాడొకడు. అర్ధరాత్రి వరకు నాట్యాభ్యాసముచేసి వచ్చి దీపము వెలిగించువాడొకడు. ఏర్‌కండిషను చలికి ముసుగుతన్ని పండుకొని, ఈ ఇద్దరిని మనసులోనే తిట్టుకొనువాడు మూడవవాడు. వీరికి ఏ రాయబారియు సంధిపత్రము వ్రాసియీయడు. అలారము ఎన్నింటికి మ్రోగవలెను, తడితువాలు ఎక్కడ ఆరవేయవలెను, ఘాటైన చేపపచ్చడి సీసా మూత గదిలో తీయవచ్చునా కూడదా యనునవి వచ్చీరాని ఇంగ్లీషుతో, మిగిలినది చేసైగలతో, వారు వారే తేల్చుకొనవలయును. అలిగి పోవుటకు వేరొక ఊరు లేదు. తలుపు ధడాలున వేసి వెడలినవాడు, ఓడ నాలుగు చుట్లు తిరిగి, మరల ఆ తలుపే తట్టవలసినవాడు.

గది వెలుపల రెండవ అల్లిక. ఒక దేశమువారందరు ఒక మూల చేరి తమ భాషలో గుసగుసలాడుకొనుట మనుష్యస్వభావము. దానిని భగ్నము చేయుటకై, ఎల్ల దేశములవారును కొందరేసి వచ్చునట్లు, అక్షరముల పేర్లతో బృందములు కట్టుదురు. ఆగ్నేయాసియా నౌకలో వీనిని ‘సాలిడారిటీ గ్రూపు’ లందురు. రేవున దిగి ఊరు చూచుట, ఆటలు, సామూహిక కార్యములు, అన్నియు ఆ బృందముతోనే. స్వదేశమునుండి వచ్చిన మిత్రునికంటె బృందమునందలి పరదేశియే దినమున కెక్కువ గంటలు కంటబడును. ఈ సందర్భమున మనవారి ఓడప్రయాణము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి రంగమునకు, అనగా రంగూనునకు, కూలికి పోయిన వేలకొలది తెలుగువారు బంగాళాఖాతమును డెక్కు టిక్కెట్టుపై, మూటాముల్లెల నడుమ, ఎండకు వానకు ఓర్చి దాటిరి; మీది అంతస్తున పోవు దొరకును, క్రింద పడియున్న కూలికిని ఒకే ఓడ యన్న మాటయే గాని సహవాస మెక్కడిది? ఒకే పడవలోనున్నంత మాత్రమున సఖ్యము కలుగదనియు, టిక్కెట్టు, గది, పంక్తి సమానముగ నుండవలెననియు ఈ యువజన నౌకను రూపొందించినవారు గ్రహించిరి.

ఇక చర్చాగోష్ఠుల సంగతి. విద్య, పర్యావరణము, ఆహారపోషణము, సమాచారసాధనములు మొదలగు విషయములపై దినముల తరబడి చర్చలు జరుగును. చివర నివేదికలు చదువుదురు. ఇటువంటి నివేదికలు ఏ దేశమువైనను ఒకే తీరున నుండును గనుక, వానినిగూర్చి వ్రాయదగినది స్వల్పము. క్లబ్బులనబడు అభ్యాసగోష్ఠులు అట్లు కావు. అక్కడ ఒక దేశమువారు తమ చేతివిద్యను పరదేశీయునకు అప్పటికప్పుడు నేర్పవలయును. ఉదాహరణమునకు ఇండొనీషియావారి ‘అంగ్‌క్లుంగ్’ను చూడుడు. చట్రమునందు వ్రేలాడు వెదురుగొట్టములు రెండో మూడో. దానిని ఊపిన వెలువడునది ఒక్క స్వరము మాత్రమే. షడ్జము ఒకని చేతిలో, ఋషభము వేరొకని చేతిలో, గాంధారము గది ఆ మూలనున్నవాని చేతిలో నుండును. తన వంతు రాగానే మణికట్టు కదల్చి గొట్టము అల్లలాడింపవలెను, వంతు దాటగానే ఆపవలెను. సంగీతజ్ఞానము లేనివాడును తన ఒక్క స్వరమును గంటలో నేర్చుకొనును గాని, వాని కొక్కనికి పాట రాదు. అట్లే ఫిలిప్పీన్సువారి ‘టినిక్లింగ్’: ఇద్దరు నేలపై కూర్చుండి రెండు వెదురుబొంగులను తాళమునకు కొట్టుచుండ, వాని నడుమ అడుగువేసి బొంగులు కలియులోపల కాలు తీయవలయును, ఆలస్యమైనచో చీలమండయే చెప్పును. ‘జాతీయప్రదర్శన’ యను పేర ఒక్కొక్క దేశము రంగస్థలమున పట్టుబట్టలు ధరించి చూపు నృత్యములకంటె ఈ చీలమండల నొప్పియే నాకు విలువైనదిగా తోచును. ప్రదర్శనలందు దేశములు తమ పెండ్లినాటి ముఖమునే చూపుకొనును.

ఈ విధానమున కెల్ల మూలధనము కాలము. జపానునుండి భారతదేశమునకు విమానము ఒక్క పగటిలో చేర్చును. ఓడకు వారములు పట్టును. పడమటికి సాగు కొలది రాత్రులందు ఓడలోని గడియారములను కొంచెము కొంచెముగ వెనుకకు త్రిప్పుదురు. జపాను కాలమునకును మన కాలమునకును గల మూడున్నర గంటల భేదము విమానయాత్రికుని నెత్తిన తలనొప్పియై ఒక్కసారి పడును, ఓడవానికి అది కొసరునిద్రగా పలు రాత్రులకు పంచబడును. నాలుగు దిక్కుల నీరు తప్ప రేవు కనబడని ఆ దినములలో చూడదగిన వింతలు లేవు, కొనదగిన వస్తువులు లేవు, చాలకాలము వరకు ఫోను మ్రోతయు లేదు. ప్రక్కవానితో మాటలాడుట తప్ప కాలక్షేపము లేకుండెను. ఈ యాత్రలకు వినియోగించిన ‘నిప్పాన్ మారు’ 1990లో కట్టిన 22,472 టన్నుల నౌక, పొడవు సుమారు 167 మీటర్లు. అయినను అల పెద్దదైనపుడు అది ఊగకపోదు. నిన్న సభలో తన దేశపు ప్రగతిని అనర్గళముగ వర్ణించిన యువకుడు నేడు సంచిలో ముఖము పెట్టి కూర్చుండగా, వాని వీపు నిమురువాడు నిన్న వానిని ఖండించినవాడే కావచ్చును. ఆ ఓడలోనే జపాను పద్ధతిని ఒక ఉమ్మడి స్నానశాల కలదు; వస్త్రములన్నియు విడిచి పదిమందితో వేడినీట దిగుట జపానువానికి నిత్యకృత్యము, తక్కిన పలువురకు ప్రాణసంకటము. గౌరవలాంఛనములు ఎంతవరకు బట్టలలో నున్నవో తెలియుటకు అంతకంటె మంచి పాఠశాల నేనెరుగను.

రేవు చేరిన పిదప యువజనులు ఇద్దరేసి చొప్పున, సాధారణముగ వేర్వేరు దేశములవారు, ఒక్కొక్క కుటుంబమునకు అతిథులై పోయి, రెండు రాత్రులు వారి యింట ఉందురు. మూడవనాడు ఆ కుటుంబమంతయు రేవునకు వచ్చును. జపాను ఆచారము ననుసరించి డెక్కుపైనుండి రంగురంగుల కాగితపు చుట్టలు విసరుదురు. ఒక కొస పైనున్నవాని చేతిలో, చుట్ట క్రిందనున్నవాని చేతిలో. ఓడ కదలగనే చుట్టలు విచ్చుకొని, వందలకొలది పట్టీలు గాలికి వంగి, ఒక్కొక్కటియే తెగిపోవును.

ఈ వేడుకకు ప్రజాధన మెందుకని అడుగువారు జపానులోనే కలరు. ప్రభుత్వవ్యయములను జల్లెడపట్టిన 2010 ప్రాంతపు సంవత్సరములలో ప్రపంచ యువజన నౌకయు ప్రశ్నకు గురియైనది. అనంతరము పేరునకు ‘లీడర్స్’ అను మాట చేర్చి, నాయకత్వశిక్షణ యను లక్ష్యమును ముందుకు తెచ్చి దానిని నిలుపుకొనిరి. నాకు ఆ మార్పు రుచింపలేదు. ఉపయోగమును నిరూపింపుమని గద్దించినపుడు స్నేహము కూడ ఉద్యోగార్హతగా వేషము మార్చుకొనవలసివచ్చుట విచారకరము. వేరొక ఆక్షేపణ బలమైనది: ఇంగ్లీషు వచ్చినవారు, చదువుకొన్నవారు, ఎంపికపరీక్షలు గెలిచినవారు మాత్రమే ఈ ఓడ ఎక్కుదురు, మత్స్యకారుని కుమారుడును నేతగాని కుమార్తెయు రేవున నిలిచియే చూతురు. దీనికి సమాధానము లేదు. జపాను తన ప్రతిష్ఠకై ఈ ధనము వెచ్చించుచున్నదన్న మాటయు సత్యమే. కాని జకార్తాలో మంటలు చూచిన దేశము సేనలను గాక యువకులను పంపుటకు నిశ్చయించుకొన్నచో, ఆ స్వార్థమును నేను మన్నింతును. యాత్ర ముగించినవారు దేశదేశముల సంఘములు పెట్టుకొని, తరువాతి ఓడలవారికి ఆతిథ్యమిచ్చుచు, యేటేట కలసికొనుచున్నారు. కరోనా కాలమున ఓడలు కదలక, కంప్యూటరు తెరలపై సమావేశములు జరుపవలసివచ్చినపుడు, అలిగినవాడు మీట నొక్కి అదృశ్యుడగుట ఎంత సులభమో అందరును చూచిరి.

ఇటువంటి నౌకను నడుపుటకు మనకును బంగాళాఖాతము కలదు. 1948లో ‘జల ఉష’ నౌకను నీటికి దింపిన విశాఖపట్టణము కలదు. భారతదేశముతోపాటు బంగ్లాదేశము, మయన్మారు, శ్రీలంక, థాయిలాండు, నేపాలు, భూటాను సభ్యులైన బిమ్స్‌టెక్ కూటమి 1997 నుండి కలదు. అది ఇంతవరకు మంత్రుల సమావేశములకు, అధికారుల చర్చలకు ఎక్కువగ ఉపయోగపడినది. ఏటి కొక నెల ఒక ఓడను విశాఖనుండి చిట్టగాంగు, రంగము, కొలంబోల మీదుగ నడిపి, ఏడు దేశముల యువజనులను గదికి ముగ్గురేసి కూర్చుట మన ప్రభుత్వములకు మించిన పని కాదు. ఇంగ్లీషు రానివారికిని, రేవుపల్లెల పిల్లలకును అందులో పాలు ఉండవలెను; సముద్రమే లేని నేపాలు, భూటాను యువకులకు మొదటి పడకలు కేటాయింపవలెను.