ఆటకు వీపు పెట్టి

టోక్యోలోని మెయిజి జింగూ స్టేడియంలో, విద్యార్థుల గ్యాలరీలో కూర్చుంటే ముందు వరసలో ఒక కుర్రాడు కనిపిస్తాడు. మెడ దాకా బొత్తాలు పెట్టిన నల్ల యూనిఫాం, నిటారుగా బిగించిన నడుం. మైదానంలో వాసెదా, కేయో విశ్వవిద్యాలయాల బేస్‌బాల్ జట్లు తలపడుతుంటే అతను ఆటకు వీపు పెట్టి, మనవైపు తిరిగి నిలబడతాడు. బంతి ఎటు పోయిందో మన ముఖాలు చూసి తెలుసుకోవాల్సిందే. జపాన్‌లో ఈ పోటీని సోకేసెన్ అంటారు. అక్కడ చీరింగ్‌కు కూడా ఆటకున్నంత సాధన ఉంది.

వాసెదాలో ఎక్స్చేంజ్ విద్యార్థినిగా ఉన్నప్పుడు తోటి విద్యార్థులు నన్ను అక్కడికి తీసుకెళ్లారు. బేస్‌బాల్ నియమాలు నాకు సగం కూడా తెలియవు, పాటల్లో మాటలూ అంతంతమాత్రమే. అయినా కొన్ని ఇన్నింగ్స్ గడిచేసరికి ఆ జనంలో కలిసిపోయాను. వాళ్లు ఆదరించారన్నది నిజమే. కానీ అక్కడ అరవడానికి కూడా ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతిని ఎవరికైనా నేర్పవచ్చు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకు అసలు మేలు చేసేది అదే.

వేలమంది ఒకేసారి పాడటం చెప్పినంత తేలిక కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. గ్యాలరీ ఒక కొసన మోగిన డోలు వంద మీటర్ల అవతల కూర్చున్నవాళ్లకు సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. ఎవరి చెవిని వాళ్లు నమ్ముకుంటే పాట చీలిపోతుంది. అందుకే ముందు వరసలో మనవైపు తిరిగి నిలబడే ఆ చీరింగ్ లీడర్ల చేతులు అంత పెద్దగా, అంత కచ్చితంగా కదులుతాయి. పిడికిలి బిగించి చేతిని భుజం మీదుగా చాచడం, నడుం వెనక్కి వంచి ఒక్క క్షణం అలాగే ఆగిపోవడం, మళ్లీ ఒక్క ఊపున ముందుకు రావడం... ప్రతి కదలికా దూరంగా ఉన్న కంటికి తాళం చూపించడానికే. ఆ ఆగిన క్షణంలో జనం ఊపిరి తీసుకుంటారు. భజన గోష్ఠిలో ఒకరు అందించిన చరణాన్ని మిగతావాళ్లు ఎత్తుకున్నట్టే, లీడర్ పిలుపు ఇస్తాడు, గ్యాలరీ అందుకుంటుంది. చప్పట్లకూ లెక్క ఉంది: మూడు, మూడు, ఏడు. ఈ లీడర్లలో ఇప్పుడు అమ్మాయిలూ ఉన్నారు.

నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇంకోటి. మన జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడే మన బ్యాండ్, మన పాట. ప్రత్యర్థి బ్యాటింగ్‌కు రాగానే మనం తగ్గుతాం, వంతు వాళ్లది. ఇక రెండు పక్షాలూ ఒకరికొకరు జేజేలు పలికే 'యెల్' మార్పిడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ సమయంలో రెండు వైపులా పెద్ద జెండాలు లేస్తాయి. గాలి ఎంత లాగినా జెండా మోసేవాడు కర్రను నిటారుగానే నిలబెట్టాలి. వాసెదా లీడర్ గొంతు చించుకుని "ఫురే, ఫురే, కేయో" అంటాడు. అవును, ఎదుటి పక్షం పేరే. వాళ్లు నిశ్శబ్దంగా విని, తర్వాత మన పేరు పలుకుతారు.

ఇంత మర్యాద ఊరికే రాలేదు. 1903లో వాసెదా జట్టు, బేస్‌బాల్‌లో తమకంటే ముందున్న కేయోకు ఒక లేఖ రాసింది. సవాలే, కానీ శిష్యుడు గురువును పాఠం చెప్పమని అడిగే ధోరణిలో రాసిన సవాలు. ఆ నవంబరు 21న జరిగిన తొలి మ్యాచ్‌లో కేయో 11-9 స్కోరుతో గెలిచింది. 1905లో ఆచార్య అబే ఇసో వెంట వాసెదా జట్టు అమెరికా వెళ్లి, అక్కడి కాలేజీల చీరింగ్ పద్ధతులను చూసి వచ్చింది. మరుసటి ఏడాది చెరో మ్యాచ్ గెలిచారు. గెలిచిన కేయో విద్యార్థులు వాసెదా వ్యవస్థాపకుడు ఒకుమా షిగెనోబు ఇంటి ముందు జేజేలు కొడితే, వాసెదా విద్యార్థులు కేయో వ్యవస్థాపకుడు ఫుకుజావా యుకిచి ఇంటి ముందు బదులు తీర్చుకున్నారు. మూడో మ్యాచ్ జరిగితే తలలు పగులుతాయని రద్దు చేశారు. మళ్లీ ఈ రెండు జట్లూ ఎదురుపడటానికి 1925 దాకా పట్టింది. 1933లో వాసెదా గ్యాలరీ నుంచి మైదానంలోకి ఆపిల్ వచ్చి పడింది. కేయో ఆటగాడు మిజుహారా షిగేరు దాన్ని తిరిగి విసిరాడు. పెద్ద గొడవైంది. అప్పటినుంచి వాసెదావాళ్లు ఫస్ట్ బేస్ వైపు, కేయోవాళ్లు థర్డ్ బేస్ వైపు అని స్థలాలు ఖాయమయ్యాయి. లీడర్ల బిగువు చూసి కొందరు సైనిక కవాతు అంటారు. ఈ చరిత్ర తెలిశాక నేను ఆ మాటతో ఏకీభవించలేను. జనం ఉద్రేకాన్ని చంపకుండా దానికి గట్లు కట్టే పని అది.

పాటల్లోనూ పోటీయే. 1927లో కేయోకు "వకాకి చి" వచ్చింది. ఆ హోరు ముందు నిలవలేక వాసెదా 1931లో "కొన్‌పెకి నో సొరా" రాయించుకుంది. స్వరకర్త కొసెకి యూజీకి అప్పటికి 21 ఏళ్లు. యుద్ధం ముగిశాక 1946లో అదే కొసెకి కేయోకు కూడా ఒక పాట కట్టి ఇచ్చాడు, ఎవరూ తప్పు పట్టలేదు. పరుగు రాగానే భుజాల మీద చేతులు వేసుకుని, పక్కవారెవరో తెలియకపోయినా ఊగుతూ పాడతారు. "ఓకా నో ఉఎ" అనే పాటనైతే కేయోవాళ్లు వాసెదాపై గెలిచినప్పుడే పాడతారు.

1943 అక్టోబరు 16 మ్యాచ్ గురించి చదివినప్పుడు ఈ సంప్రదాయం విలువ నాకు పూర్తిగా అర్థమైంది. అప్పటికి ఈ రెండు జట్లూ ఆడే ఆరు విశ్వవిద్యాలయాల లీగ్‌ను ప్రభుత్వం రద్దు చేయించింది. చదువు ఆపి విద్యార్థులు సైన్యంలో చేరాలన్న ఆదేశం వచ్చింది. వెళ్లేలోపు ఒక్కసారి ఆడదామని కేయో అడిగింది. వాసెదా యాజమాన్యం ఒప్పుకోకపోయినా బేస్‌బాల్ క్లబ్ తన తోత్సుకా మైదానంలోనే ఆట నడిపింది. కేయో అధ్యక్షుడు కొయిజుమి షిన్‌జో గౌరవ స్థానం వద్దని విద్యార్థుల మధ్య కూర్చున్నాడు. వాసెదా 10-1తో గెలిచింది. ఆట ముగిశాక ఒకరి పాట మరొకరు పాడారు. యుద్ధానికి వెళ్లి మళ్లీ కలుసుకుంటారో లేదో తెలియని కుర్రాళ్లకు ఒకరికొకరు ఇచ్చుకోగలిగింది అదొక్కటే. ఆ మైదానం ఉన్న చోట ఇప్పుడు వాసెదా కేంద్ర గ్రంథాలయం ఉంది. పుస్తకం కోసం వెళ్లినప్పుడల్లా నాకు ఆ స్కోరు గుర్తొచ్చేది.

జపాన్‌కు చదువుకోవడానికి వెళ్తున్న మన పిల్లలకు ఒక మాట. సోకేసెన్ ఏటా వసంత లీగ్ చివర, శరత్కాల లీగ్ చివర జరుగుతుంది. 1926లో కట్టిన జింగూ స్టేడియాన్ని తొలగించి దగ్గర్లోనే కొత్తది కట్టే ప్రణాళిక ఉంది, పాతది ఉండగానే చూడండి. మామూలు సీట్లు కాకుండా విద్యార్థుల గ్యాలరీలోనే కూర్చోండి. పాటలు రాకపోతే లీడర్ చేతులను అనుసరిస్తే చాలు. చివరి అవుట్ పడగానే స్టేషన్‌లో రద్దీ అవుతుందని లేవకండి, 'యెల్' మార్పిడి అయ్యేదాకా ఉండండి. మీ జట్టు ఓడిన రోజైతే తప్పకుండా ఉండండి.