ముగింపు ముందే తెలిసిన కథ: ‘ఇన్‌జస్టిస్’ మొదటి సంవత్సరం

వీడియో గేమ్ అమ్ముకోడానికి వేసిన కామిక్ అనగానే సగం మంది పాఠకులు ఆసక్తి వదిలేసుకుంటారు. వాళ్లని తప్పుపట్టలేం. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకానికి ఎవరైనా విమర్శ రాస్తారా? అయినా టామ్ టేలర్ రాసిన ‘ఇన్‌జస్టిస్: గాడ్స్ అమంగ్ అస్ - ఇయర్ వన్’ సంపుటి గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. పదేళ్లు దాటిన పుస్తకమే. కానీ అది అడిగిన ప్రశ్న పాతబడలేదు, మా వైపు అయితే మరీను.

ముందు సంగతులు. ‘మోర్టల్ కాంబాట్’ తయారుచేసిన షికాగో వాళ్లే, నెదర్‌రెల్మ్ స్టూడియోస్, 2013 ఏప్రిల్‌లో ఒక ఫైటింగ్ గేమ్ తెచ్చారు. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ వగైరా డీసీ వీరులందరూ ఒకర్నొకరు కుమ్ముకునే ఆట. వీళ్లంతా స్నేహితులు కదా, ఎందుకు కొట్టుకుంటున్నారు? దానికి గేమ్ చెప్పిన సమాధానం ఇది: ఇది వేరే లోకం, ఇక్కడ సూపర్‌మ్యాన్ నియంత అయిపోయి ఐదేళ్లయింది. ఆ ఐదేళ్లలో ఏం జరిగిందో చెప్పే పని కామిక్‌కి అప్పజెప్పారు. అది ఆ జనవరి నుంచే వారం వారం డిజిటల్‌గా చిన్న చిన్న భాగాలుగా మొదలైంది. ఆ తర్వాత అచ్చులోకొచ్చింది. మొదటి ఏడాది భాగాలన్నీ కలిపి ఇప్పుడు ఒకే సంపుటిగా దొరుకుతున్నాయి.

కథ మొదలయ్యేది ఒక శుభవార్తతో. నిద్ర లేచిన సూపర్‌మ్యాన్‌కి భార్య లోయిస్ పక్కనే ఇంకో చిన్న గుండె చప్పుడు వినపడుతుంది. ఆ సంతోషం ఎక్కువసేపు ఉండదు. జోకర్ లోయిస్‌ని ఎత్తుకుపోతాడు. సూపర్‌మ్యాన్ మీద ఒక విషం ప్రయోగిస్తాడు, దాంతో అతనికి కళ్లముందు పాత శత్రువు డూమ్స్‌డే రాక్షసుడు కనిపిస్తాడు. వాణ్ని ఊరికి దూరంగా అంతరిక్షంలోకి ఈడ్చుకెళ్తాడు. మత్తు దిగేసరికి చేతుల్లో ఉన్నది భార్య శవం. ఆమె గుండె ఆగిన క్షణాన పేలేట్టు జోకర్ అమర్చిన అణుబాంబుకి మెట్రోపాలిస్ నగరం బూడిదవుతుంది. సూపర్‌మ్యాన్ నేరుగా వచ్చి జోకర్ని చంపేస్తాడు, బ్యాట్‌మ్యాన్ కళ్లెదుటే.

కథంతా చెప్పేశానని కోప్పడకండి. ఇందులో దాచాల్సిన గుట్టు అంటూ ఏమీ లేదు. ఈ హత్య గేమ్ మొదట్లోనే కనిపిస్తుంది. సూపర్‌మ్యాన్ ఎటు పోతాడో కామిక్ తెరిచే ముందే పాఠకుడికి తెలుసు. ప్రీక్వెల్ రాసేవాడికి వచ్చే తిప్పలంతా ఇక్కడే. ‘తర్వాత ఏమవుతుంది’ అనే ఆయుధం చేతిలో లేకుండా కథ నడపాలి.

పరాయివాళ్లకేమోగానీ ఇది మనకి కొత్త తిప్పలేం కాదు. మా కనిగిరి వైపు తిరునాళ్లలో తెల్లవార్లూ పద్యనాటకాలాడేవాళ్లు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ చూడ్డానికి చాపలు చంకన పెట్టుకుని వచ్చే జనంలో రాయబారం ఫలిస్తుందేమోనని ఎదురుచూసేవాడు ఒక్కడుండడు. యుద్ధం జరుగుతుందని అందరికీ తెలుసు. ఎవరు చస్తారో వరసగా చెప్పగలరు. అయినా కృష్ణుడు సభలో నిలబడితే జనం కదలరు. వాళ్లు చూడ్డానికొచ్చింది ఫలితం కాదు, ఆ మనిషి ఆ మాట ఎలా అంటాడు, ఈ మనిషి అది విని ఎందుకు మారడు అనేది. యుద్ధం ఆగడానికి ఎన్ని దారులున్నాయో ఒక్కొక్కటే చూపించి, ఒక్కొక్కటే మూసేయడం. ఉద్యోగ ఘట్టం రుచంతా అదే.

టేలర్ కామిక్స్‌లోకి రాకముందు నాటకాలు రాసిన ఆస్ట్రేలియావాడు. ఆ అనుభవం ఇక్కడ పనికొచ్చింది. గేమ్ కురుక్షేత్రమైతే ఈ పుస్తకం ఉద్యోగపర్వం. పెద్ద పోరాటాల బొమ్మలు తీసేసినా ఈ పుస్తకం నిలబడుతుంది, మాటలు తీసేస్తే నిలబడదు. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పదేపదే ఎదురుపడి వాదించుకుంటారు. పుట్టబోయే బిడ్డకి గాడ్‌ఫాదర్‌గా ఉండమని మొదట్లో అడిగినవాడూ, ఆ మాటకి మురిసిపోయినవాడూ వీళ్లే. ఆ తర్వాత వచ్చే ప్రతి వాదనలోనూ చదివేవాడికి ఆ సంగతి గుర్తొస్తూ ఉంటుంది.

టేలర్ చేసిన ఇంకో మంచి పని: మొదట్లో సూపర్‌మ్యాన్ చేసేవి మనకి నచ్చే పనులే. దేశదేశాల్లో యుద్ధాలు ఆపమంటాడు. ఆపనివాళ్లని ఆపుతాడు. ఇన్నేళ్లుగా ఇంత బలం పెట్టుకుని ఇతను బ్యాంకు దొంగల్ని పట్టుకుంటూ ఎందుకు కూర్చున్నాడు అని పాఠకుడికే అనిపిస్తుంది. అతను జారేది ఒకేసారి కాదు, మెట్టు మెట్టుగా. ప్రభుత్వం భయపడి అతని పెంపుడు తల్లిదండ్రుల్ని ఎత్తుకెళ్లిస్తుంది. అతనికి కోపం రావడంలో న్యాయం ఉంది. ప్రతి మెట్టు దగ్గరా న్యాయం ఉంది, అదే భయం. ఆఖరికి గ్రీన్ యారో వేసిన బాణం సూపర్‌మ్యాన్ ఒంటికి తగిలి ఎగిరి అతని తండ్రికి గుచ్చుకుంటుంది. ఆ కోపంలో ఒకప్పటి స్నేహితుణ్ని ఒట్టి చేతుల్తో కొట్టి చంపుతాడు. ఆ ముసలి తల్లిదండ్రులు చూస్తూనే ఉంటారు. కొడుకుని వాళ్లు చూసే చూపు ఈ పుస్తకంలో అన్నిటికంటే పెద్ద తీర్పు.

గేమ్ పెట్టిన షరతుల్ని కూడా టేలర్ కథలో కలిపేసుకున్నాడు. ఫైటింగ్ గేమ్‌లో మామూలు మనిషి సూపర్‌మ్యాన్‌ని కొట్టగలగాలి, లేకపోతే ఆట లేదు. అందుకని గేమ్‌వాళ్లు ఒక మాత్ర కనిపెట్టారు, మింగితే ఒళ్లు సూపర్‌మ్యాన్ దెబ్బకి తట్టుకునేంత గట్టిపడుతుంది. ఆటలో అది ఒట్టి సాకు. టేలర్ ఆ మాత్రని బ్యాట్‌మ్యాన్ ఇంట్లో పనిచేసే ముసలాయన ఆల్ఫ్రెడ్ చేత మింగించాడు. తన చేతుల్లో పెరిగిన పిల్లాడి నడుము విరగ్గొట్టిన సూపర్‌మ్యాన్‌ని, సూటు వేసుకున్న ఆ పెద్దమనిషి నుదుటితో ఒక్క గుద్దు గుద్దుతాడు. హాల్లో ఈలలు పడే ఘట్టం. కానీ ఈలకి వెనకాల ఒక మనిషి జీవితకాలపు చాకిరీ, ప్రేమ ఉన్నాయి కాబట్టి అది ఒట్టి మాస్ సీన్‌గా మిగిలిపోలేదు.

ఇక లోపాలు. వారం వారం పరుగు మీద వచ్చినందువల్ల చిత్రకారులు మారిపోతుంటారు. ఒక భాగంలో కనిపించిన ముఖం ఇంకో భాగంలో పోల్చుకోడం కష్టం. అంతకంటే పెద్ద లోపం లోయిస్. డీసీ పుస్తకాల్లో దశాబ్దాలుగా పేరున్న పాత్రికేయురాలు ఇక్కడ కొన్ని పేజీలకే చచ్చిపోతుంది, భర్తకి కోపం రావడం కోసం. గెయిల్ సిమోన్ అనే రచయిత్రి 1999లోనే ఇలా బలైపోయిన ఆడపాత్రల జాబితా తయారుచేసి చూపించింది. మనకీ తెలిసిన తంతే: ఫ్లాష్‌బ్యాక్‌లో చెల్లెలో భార్యో చచ్చిపోతేగానీ మన ఫ్యాక్షన్ హీరో కత్తి పట్టడు. వండర్ వుమన్‌నీ టేలర్ పక్కనుండి ఎగదోసే మనిషిగా కుదించేశాడు. గ్రీన్ యారోతో వాగులాటకి దిగే హార్లీ క్విన్ ఒక్కతే తన మాట తను మాట్లాడినట్టుంటుంది.

నాకున్న అసలు పేచీ మాత్రం వేరే. అది చెప్పాలంటే మా మామయ్య గురించి చెప్పాలి.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కనిగిరి చుట్టుపక్కల చాలా బోర్లలో అంతకంటే ఎక్కువే. పిల్లల పళ్ల మీద గోధుమరంగు గారలు, పెద్దవాళ్లకి వంగిపోయిన నడుములు. మామయ్య మెడ తిప్పలేడు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాలి. వెలిగొండ కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకు, తొలిచి కృష్ణ నీళ్లు ఈ మెట్టకి తెస్తామని 1996లో శంకుస్థాపన చేశారు. మామయ్య అప్పుడు నడివయసు మనిషి.

పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు ఈ పుస్తకం నా చేతిలో చూసి కథేంటని అడిగాడు. చెప్పాను.

“యుద్ధాలాపాడా?” అన్నాడు.

“ఆపాడు మామయ్యా. తర్వాత ఎదురు మాట్లాడినోళ్లని చంపుతా పోయాడు.”

“అది సరే. నీళ్లిచ్చాడా?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “కళ్లతోనే కొండలు కాల్చేవోడన్నావుగా. ఆ సొరంగం పొద్దున్నే టీ తాగేలోపు తవ్వేసేవోడు. అట్టాంటోడు వస్తే వద్దంటావా నువ్వు?”

అప్పటినుంచీ పుస్తకం రెండోసారి ఆ ప్రశ్నతో చదివాను. నియంత ఎలా తయారవుతాడో టేలర్‌కి బాగా తెలుసు. నియంత కావాలని మనుషులు ఎందుకు కోరుకుంటారో మాత్రం ఈ పుస్తకంలో దాదాపు లేదు. సూపర్‌మ్యాన్‌తో వాదించేవాళ్లంతా అతని సాటివాళ్లే: కోటీశ్వరుడు బ్యాట్‌మ్యాన్, దేవకన్య వండర్ వుమన్, ప్రభుత్వాధినేతలు. యుద్ధం ఆగినందువల్ల బతికిన తల్లి ఒక్కతి వచ్చి బ్యాట్‌మ్యాన్ని నిలదీయదు. ‘నీ సూత్రం బాగుందయ్యా, నా కొడుకు బతికింది మాత్రం ఆయనవల్ల’ అని అడిగే మనిషి ఈ సభలో లేడు. అందుకే బ్యాట్‌మ్యాన్ వాదన సులభంగా గెలుస్తుంది. మామయ్యని ఎదురుగా కూర్చోబెడితే అంత సులభంగా గెలవదు.

బ్యాట్‌మ్యాన్ చెప్పేది అబద్ధమని నేననడం లేదు. అడిగేవాడు లేని బలం ఎటు పోతుందో ఈ పుస్తకం చూపించిన తీరు నిజమే, గ్రీన్ యారో చావు దాకా. కానీ ‘ఒక్కడొచ్చి అన్నీ సరిచేస్తాడు’ అన్న ఆశ తెలివితక్కువతనం వల్ల పుట్టదు. దశాబ్దాలు క్యూలో నిలబడ్డవాడికి పుడుతుంది. వాడికి కూడా ఒక రాయబారం రాసి ఉంటే ఇది ఇంకా కష్టమైన, ఇంకా గొప్ప పుస్తకం అయ్యుండేది.

ఎంతవరకు చదవాలి? మొదటి సంవత్సరం తప్పకుండా. గేమ్ ఆడక్కర్లేదు, డీసీ కథలు ముందే తెలిసుండాల్సిన పనీ లేదు. రెండో ఏడాదిలో గ్రీన్ లాంటర్న్‌లు, మూడో ఏడాదిలో మంత్రాలు, నాలుగో ఏడాదిలో గ్రీకు దేవుళ్లు దిగుతారు. మూడో ఏడాది మధ్యలో టేలర్ తప్పుకుని బ్రయన్ బుచ్చలాటో కలం అందుకున్నాడు. గేమ్ మొదలయ్యే రోజు దాకా ఐదేళ్లు నింపాలి కదా, టీవీ సీరియల్ సాగినట్టు సాగుతుంది. 2021లో వచ్చిన యానిమేషన్ సినిమా ఈ కథనంతా గంటన్నరలోపు కుక్కింది, మాటలకి చోటు లేకపోతే ఈ కథ ఎంత పేలవమో తెలుసుకోడానికి పనికొస్తుంది. ఈ పుస్తకంలో నైట్‌వింగ్‌ని అర్ధాంతరంగా చంపిన టేలర్ 2021 నుంచి, ఇన్‌జస్టిస్‌కీ బొమ్మలేసిన బ్రూనో రెడోండోతో కలిసి, అదే నైట్‌వింగ్ సొంత పత్రిక రాశాడు. డబ్బున్నవాడు ఊరికి ఏం చేయొచ్చన్న ప్రశ్న అందులో ఉంది. ఇది ముగించాక అది పట్టుకోండి.

మనదగ్గరా సినిమా చుట్టూ ఇలాంటి అల్లికలు మొదలయ్యాయి. 2017లో ‘బాహుబలి’ రెండో భాగం వచ్చిన ఏడాదే ఆనంద్ నీలకంఠన్ శివగామి పూర్వకథతో ఇంగ్లీషు నవల రాశాడు, మొబైల్ గేమ్ వచ్చింది, యానిమేషన్ సిరీస్ వచ్చింది. ఇలాంటివి ఇంకా వస్తాయి. రాసే అవకాశం దొరికినవాళ్లు టేలర్ దగ్గర పనితనం నేర్చుకోవచ్చు. సభలో ఎవరెవరికి మాట్లాడే చోటివ్వాలన్నది మాత్రం మన పద్యనాటకం చూసే జనంలో కూర్చుని నేర్చుకోవాలి.