వెంకమ్మగారికి వినిపించిన ఇంగ్లీషు

'కన్యాశుల్కం'లో మీకు బాగా నవ్వొచ్చిన ఘట్టం ఏదండీ అని పదిమందిని అడిగి చూడండి. నలుగురైనా వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడిన ఘట్టమే చెబుతారు. నేనూ చాలాకాలం ఆ నలుగురిలోదాన్నే. ఈమధ్య మళ్ళీ చదివితే మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకో చెబుతాను.

ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. పరీక్ష తప్పిన వెంకటేశం సెలవులకి కృష్ణరాయపురం అగ్రహారం వస్తూ, గిరీశాన్ని గురువుగా వెంటబెట్టుకొస్తాడు. తండ్రి అగ్నిహోత్రావధాన్లు కొడుకు చదువుకి అవుతున్న ఖర్చు చూసి మండిపడుతుంటాడు. తల్లి వెంకమ్మకేమో ఆ చదువే పెద్ద ఆశ. గురుశిష్యులిద్దరూ ఓసారి ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ముచ్చటపడి అడుగుతుంది. ఇంకేముంది, ఇద్దరూ మొదలుపెడతారు. ఒకరు నక్షత్రాన్ని చూసి ఆశ్చర్యపడే పసిపిల్లల గేయం అందుకుంటే, ఇంకొకరు వాచకంలో వాక్యం అప్పజెబుతారు. మధ్యలో జామెట్రీ సూత్రం ఒకటి దొర్లుతుంది. నామవాచకాలకి బహువచనం ఎలా చెయ్యాలో వ్యాకరణ నియమం కూడా సంభాషణ అయిపోతుంది! అర్థమేమిటని అవధాన్లు అడిగితే, సెలవుల్లో చదవవలసిన చదువు గురించి మాట్లాడుకుంటున్నామని గిరీశం తడుముకోకుండా చెప్పేస్తాడు.

గురజాడ అప్పారావుగారి ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదట ఆడారు. 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదువుకునేది ఆయన బాగా పెంచి, తిరగరాసిన 1909 నాటి ప్రతి. అంటే ఆ హాస్యానికి నూరేళ్ళు దాటాయన్నమాట. అయినా పాతబడలేదు. కారణం, ఆ ఇంగ్లీషు ఇంకా మన ఇళ్ళలో వినిపిస్తూనే ఉంది కనక.

ఒక్క విషయం గమనించండి. వాళ్ళిద్దరూ చెప్పిన ముక్కలు విడివిడిగా తీసి చూస్తే తప్పుల కుప్పేమీ కాదు. గేయం గేయమే, వ్యాకరణ నియమం వ్యాకరణ నియమమే. లేనిదల్లా ఒకరు ఇంకొకరికి చెప్పే కబురు. ఎదుటివాడికి అర్థం కావడానికి కదా మనం మాట్లాడతాం? ఇక్కడ వింటున్నావిడకి అర్థం కాదు కాబట్టే ఆట సాగింది. గురజాడ ఆ కీలకం పాఠకుడి చేతికే ఇచ్చేశారు. వెంకమ్మ తమ్ముడు కరటకశాస్త్రి అక్కడే ఉండి, తెలుగు పద్యం ఒకటి చదవమంటాడు. మేనల్లుడు చదువుతాడు. అందులో ఒక మాటకి అర్థం అడిగేసరికి నోరు పెగలదు. తెలిసినవాడు వింటే ఒక్క ప్రశ్నకే బండారం బయటపడింది!

ఇక నా సంగతి. నేను ఏడో క్లాసులో ఉండగా మా అమ్మ కూడా వెంకమ్మగారిలాగే, "ఏదీ, ఓసారి ఇంగ్లీషులో మాట్లాడవే" అంది. నేను ఆవు వ్యాసం గుక్కతిప్పుకోకుండా చదివేశాను. నాలుగు కాళ్ళూ, రెండు కొమ్ములూ, తోకా అయ్యేసరికి అమ్మ మొహం వెలిగిపోయింది. పక్కింటి పిన్నిగారిని పిలిచి మళ్ళీ చెప్పించింది. చేతిలో రెండు జంతికలు పెట్టింది. రాత్రి తమ్ముడితో చెప్పుకుని పడీ పడీ నవ్వాను. అమ్మ ఇప్పుడు లేదు. మొన్న పుస్తకంలో ఈ పేజీ దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే.

పెద్దయ్యాక నేనూ రోజుకి పది మాటల చొప్పున రెండువందల పేజీల నోటుబుక్కు నింపాను. బ్యాంకులో నిలబడితే ఒక్క మాటా సాయానికి రాలేదు. వెంకటేశం చేసిందీ నేను చేసిందీ ఒకటే మరి. మాటల్ని ఒంటరిగా పట్టుకొచ్చి కూర్చోబెట్టాం. మన తెలుగే చూడండి. తలుపు వేస్తాం, లైటు వేస్తాం, ముగ్గు వేస్తాం, దోసె వేస్తాం, ఓటూ వేస్తాం. అన్నిటికీ 'వేయడం' ఒక్కటే. ఇంగ్లీషులో తలుపుకి 'షట్', లైటుకి 'స్విచాన్', ముగ్గుకి 'డ్రా', దోసెకి 'మేక్', ఓటుకి 'కాస్ట్'. దేని తోడు దానిది. 'వేయు'కి అర్థమేమిటని ఒక్క మాట బట్టీ పట్టినవాళ్ళు లైటు దగ్గరే బోల్తా పడతారు. మాటని దాని జంటతో నేర్చుకుని, ఆ పూటే ఎవరితోనైనా అనెయ్యాలి. అప్పుడే అది మనదవుతుంది.

ఉచ్చారణ సంగతీ అంతే. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్, కార్, పెన్ మన ఇంటికొచ్చి బస్సూ, కారూ, పెన్నూ అయ్యాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు అదే అందం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ చివరి 'ఉ'ని గుమ్మం దగ్గర దింపెయ్యాలి. మనకి 'వ' ఒక్కటే. వాళ్ళకి రెండు. పైపళ్ళు కింది పెదవికి తగిలితే 'వైన్' ద్రాక్షతీగ, పెదవులు గుండ్రంగా చుడితే ద్రాక్షసారా! ఇంకా ముఖ్యమైనది ఊనిక. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీద బరువు, 'ఫొటాగ్రఫీ'లో రెండోదాని మీద. తక్కినవి సగం మింగేస్తారు. మనమేమో అన్ని అక్షరాలకీ సమానంగా వడ్డిస్తాం. ఇప్పుడు సెల్‌ఫోనులో డిక్షనరీ నొక్కితే పలికి మరీ వినిపిస్తోంది. వినడానికి బడాయి అక్కర్లేదు కదా!

అయితే ఉచ్చారణ ఒక్కటే వచ్చినా చాలదు. బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' 1913లో మొదటిసారి రంగస్థలం ఎక్కింది. అందులో పూలమ్ముకునే ఎలైజాకి ప్రొఫెసర్ హిగ్గిన్స్ దొరసానుల ఉచ్చారణ నేర్పుతాడు. పెద్దింటి పేరంటంలో ఆ పిల్ల ఒక్కొక్క అక్షరం ముత్యంలా పలుకుతూ, తన పిన్నిని ఎవరో చంపేసి ఉంటారని కబుర్లు చెబుతుంది! వెంకటేశానికి నోట్లో మాటలున్నాయి, చెప్పడానికి కబురు లేదు. ఎలైజాకి కబురుంది, అది ఎక్కడ చెప్పాలో ఎవరూ నేర్పలేదు. తీరా నేర్చుకున్నాక, ఇక నా గతేమిటని ఆవిడ అడిగితే హిగ్గిన్స్ దగ్గర సరైన జవాబు లేదు.

ఆ ప్రశ్న అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఎవరడగాలి? ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు. బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువు. సుబ్బిని డబ్బుకి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోతున్నారు. చదువు మాత్రం మగపిల్లాడికే, వాడికి వచ్చినా రాకపోయినా. నాటకం చివర సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపించి చదివించే ఏర్పాటు చేస్తాడు. తెర పడిపోతుంది కనక ఆవిడ ఏం నేర్చుకుందో మనకి తెలియదు. కానీ ఆ ఇంట్లో నిజంగా చదువు అవసరమైన మనిషి చదువుకి బయల్దేరడం అప్పుడే. గురజాడ నవ్వుల వెనక దాచిన మాట ఇదేనని నాకనిపిస్తుంది.

మొన్న మా అమ్మాయి నేను పలికిన మాటనొకదాన్ని అందరి ముందూ దిద్దింది. మొదట చిన్నబుచ్చుకున్నాను. తరవాత అనుకున్నాను, నేను మా అమ్మకి ఆవు వ్యాసం వినిపించి చేతులు దులుపుకున్నానే, ఇది నయం కాదూ అని. "ఏదీ, మళ్ళీ చెప్పు" అన్నాను. అది చెప్పింది. నేను పలికాను. మూడోసారికి కుదిరింది. జంతికలు నేనే పెట్టాను.