అవా మండలపు నీలి

సహజమైన నీలిమందుతో అద్దినదని ప్రమాణపూర్వకముగా జెప్పి ఒక అంగడివారు నాకంటగట్టిన కండువా, ఈ వారము తొలి ఉతుకులోనే తన వర్ణమంతయు బకెట్టెడు నీళ్లకు ధారవోసి వెలవెలబోయినది. రసాయనపు రంగులపై నాకుగల అక్కసు ఈ శీర్షిక పాఠకులకు క్రొత్త గాదు. ఆ కోపములో నా మనస్సు జపానుదేశపు అవా మండలమునకు పరుగెత్తినదన్నచో వారాశ్చర్యపడరు.

షికోకు ద్వీపమునకు తూర్పు కొసను, నేడు తొకుషిమ యను పేర బరగుచున్న సీమయే అవా. ఉత్తరమున సనుకి కొండలు, దక్షిణమున త్సురుగి పర్వతము, నడుమ తూర్పునకు బారు యోషినో నది. 1585లో జపాను సేనాని హిదెయోషి షికోకును జయించి ఈ మండలమును హచిసుక వంశమువారి కొసగగా, వారు 1871లో సంస్థానములు రద్దగువరకు నేలి నీలిపంటను పోషించిరి.

కోసి యెండబెట్టిన ఆకును కొట్టములలో రాశులు వోసి, నీరు చిలికి, కొన్నిదినముల కొకమారు తిరుగవేయుచు, చలి ముదిరినపుడు చాపలు గప్పి, దాదాపు 100 దినములు మాగబెట్టినగాని అచ్చటి ‘సుకుమో’ యను నీలిమందు సిద్ధము గాదు; ఎప్పుడెంత నీరు చిలుకవలెనో ఎరిగిన ‘మిజుషి’ చేతిచలువపైననే సమస్తము నాధారపడియుండెడిది. మనవారు పచ్చియాకును తొట్లలో నానబెట్టి, చిలికి, అడుగున బేరిన నీలిని దీసెడివారు. ఓర్పులో ఆ పద్ధతికి మనది చాలదని యొప్పుకొనక తప్పదు. మీజీ యుగమున చౌకగా దిగుమతియైన మన దేశపు నీలియే ఆ పంటకు తొలి దెబ్బ. 1897లో జర్మనీవారు విపణికి దెచ్చిన కృత్రిమనీలి రెండవది.

ఇచ్చట జర్మను రసాయనజ్ఞులను నాలుగు తిట్లు తిట్టి విరమింపవలసినవాడనే. కాని అచ్చట నీలియే యేల పండించిరి? శరత్కాలపు తుపానులకు యోషినో పొంగి చేలను ముంచెడిది; అప్పటికి వరి ఇంకను పొలములోనే యుండును, నీలియాకు మాత్రము వేసవిలోనే ఇల్లు చేరును. వరద దెచ్చిన ఒండ్రు మరుసటి పంటకు సారమయ్యెడిది. అచ్చటి ఇషీ యను ఊరిలోని తనకావారి పురాతన గృహమును జూడుడు: చుట్టును ఎత్తయిన రాతికట్టు, వరద మీరినపుడు తెప్పవలె తేలుటకు వీలుగా అమర్చిన గడ్డికప్పు. నీలివ్యాపారమున గడించిన సంపన్నుడే ఇంత జాగ్రత్తపడవలసి వచ్చినచో, పల్లపు గుడిసెలలోని కూలీల గతి యేమి? 1907లో నదికి గట్టులు వేయుట కారంభించిన పిమ్మట, కాలువల నీటితో అచ్చట వరి నాటుకొన్న కాపును, నీలిని ఏల విడిచితివని నిలదీయుటకు నాకు నోరు రాదు. జర్మనులకై సిద్ధపరచుకొన్న తిట్లలో సగము నాలోనే అణగినవి.