పోత అయ్యాక మొదలయ్యే పని

బీదర్‌లో బిద్రీ కార్ఖానా గడప తొక్కినవాళ్లకు ఒక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ పోత పోయడం చాలా చిన్న పని. ఆముదం, గుగ్గిలం కలిపిన మట్టి అచ్చులోంచి బయటికి వచ్చేది గరుకు గరుకు జింకు, రాగి ముద్ద. దాన్ని ఆకురాయితో రుద్ది, మైలుతుత్తంతో నల్లబరిచి, చెక్కి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టి, నవాసాగరం కలిపి పట్టిస్తేనే అది బిద్రీ. బీదర్ చుట్టుపక్కల వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. అందుకే జపానువాళ్ల రెజిన్ రోబో బొమ్మల గురించి ఇక్కడివాళ్లకు చెప్పడం సులువనుకుంటాను. బిద్రీలో గుగ్గిలం అచ్చుకు పనికొస్తుంది, అక్కడ రెజిన్‌నే అచ్చులో పోస్తారు. మిగతా కష్టం ఇంచుమించు ఒకటే.

దూరదర్శన్ రోజుల పిల్లలకు చేతి గడియారంలోకి మాట్లాడి రోబోను పిలిచే కుర్రాడు గుర్తుండే ఉంటాడు. ఆ ‘జెయింట్ రోబో’ 1967లో జపాను టీవీలో మొదలైంది, 26 భాగాలు. దాని సృష్టికర్త మిత్సుతేరు యోకోయామా అంతకు ముందే, 1956లో, ‘తెత్సుజిన్ 28’ అనే బొమ్మల కథతో భారీ రోబోలకు దారి వేశాడు. 1972లో ‘మజింగర్ జెడ్’ వచ్చాక కుర్రాడు రోబో తలలోకే ఎక్కి కూర్చున్నాడు. 1979లో ‘గండం’ రోబోను యుద్ధ టాంకులాంటి యంత్రంగా చూపించింది. మరుసటి ఏడాది జూలైలో బందాయ్ కంపెనీ ఆ 18 మీటర్ల రోబోను 144వ వంతుకు కుదించి, పన్నెండున్నర సెంటీమీటర్ల ప్లాస్టిక్ కిట్‌గా 300 యెన్‌లకు అమ్మింది. అవి ఇట్టే అమ్ముడుపోయాయి.

కాకపోతే ప్లాస్టిక్ కిట్‌కు ఉక్కు అచ్చు కావాలి, దాని ఖర్చు రాబట్టాలంటే వేలకు వేలు అమ్మాలి. ఒక్క భాగంలో కనిపించి మాయమయ్యే రోబోకు ఏ కంపెనీ ఆ సాహసం చేస్తుంది? అభిమానులే చేశారు. 1980ల మొదట్లో ఇంట్లో, షెడ్డులో పుట్టీతో బొమ్మ చెక్కి, సిలికాన్ అచ్చు తీసి, పదీ ఇరవై పోతలు పోసుకున్నారు. గరాజ్ కిట్‌లంటే అవే. ఒసాకాలోని జనరల్ ప్రొడక్ట్స్ అనే దుకాణం వాళ్లు వీటికోసం 1985లో వండర్ ఫెస్టివల్ అనే సంత మొదలుపెట్టారు. 1992 నుంచి దాన్ని కైయోదో అనే బొమ్మల కంపెనీ నడుపుతోంది. అక్కడి ఏర్పాటు ఒకటి నాకు బాగా నచ్చుతుంది. రోబో హక్కులున్న కంపెనీ ఆ ఒక్క రోజుకు, ఆ ఒక్క చోట అమ్ముకోవడానికి అనుమతిస్తుంది. అభిమాని దొంగ కానక్కర్లేదు, కంపెనీ కళ్లు మూసుకోనక్కర్లేదు. మన సినిమా బొమ్మలకు ఇలాంటిది ఎవరైనా ఆలోచిస్తే బాగుండు.

ఇక పని. నేర్పంతా అసలు బొమ్మను ఎక్కడ విడగొట్టాలో తెలుసుకోవడంలో ఉంది. అతుకు కవచం అంచున దాక్కోవాలి. ఒక్కో భాగాన్ని సగం దాకా మెత్తని బంకమట్టిలో కూర్చి, చుట్టూ గోడ కట్టి సిలికాన్ పోస్తారు. గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసి, అంటుకోకుండా పూత వేసి రెండో సగం పోస్తారు. తర్వాత పాలీయురెథేన్ రెజిన్. రెండు సీసాల ద్రవాలు కలిపాక చేతిలో ఉండేది రెండు మూడు నిమిషాలే. తేటగా ఉన్నది ఉన్నట్టుండి తెల్లబారి బిగుసుకుంటుంది. నెయ్యి పేరుకున్నట్టే, కాకపోతే ఇది చల్లారి కాదు, తనలో తానే వేడెక్కి పేరుకుంటుంది. మన ఎండాకాలంలో ఆ కాస్త వ్యవధీ ఇంకా తగ్గుతుంది. వానాకాలం తేమ తగిలితే లోపల బుడగలు. అచ్చు కూడా కొన్ని పదుల పోతలకే చిరగడం మొదలెడుతుంది, అందుకే ఈ కిట్‌లు తక్కువ, ధర ఎక్కువ.

కొన్నవాడి పని అప్పుడు మొదలవుతుంది. ముందు పార్టులన్నీ సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. అచ్చు జిడ్డు మిగిలితే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. వంకరపోయిన రోబో కత్తిని వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే నిలుస్తుంది. గాలి బుడగల్ని పుట్టీతో పూడ్చాలి. అతుకు గీతల్ని నీళ్లలో తడిపిన సాండ్‌పేపర్‌తోనే రుద్దాలి, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ప్లాస్టిక్ జిగురు రెజిన్‌ను కరిగించదు కాబట్టి ఇక్కడ చెల్లదు, ఫెవిక్విక్ లాంటిదే దిక్కు. అదొక్కటే భుజం బరువు మోయదు. లోపల ఇత్తడి కడ్డీ దిగాలి. మొండెంలో రంధ్రం వేసి కడ్డీ నిలబెట్టి, దాని కొనకు రంగు చుక్క పెట్టి, చేతిని దానికి ఆనించి నొక్కితే రెండో రంధ్రం ఎక్కడో గుర్తు పడుతుంది. అర మిల్లీమీటరు తప్పినా రోబో భుజం దిగజారినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాతే ప్రైమరు, రంగులు.

ఈ రంగంలో పెద్దపీట మమొరు నగానో బొమ్మల కథ ‘ఫైవ్ స్టార్ స్టోరీస్’ రోబోలది. 1986 నుంచి వస్తున్న ఆ కథలో యంత్రాలకు సన్నని నడుములు, రెక్కల్లా విచ్చుకున్న కవచాలు. వోల్క్స్, వేవ్ లాంటి సంస్థలు వాటిని రెజిన్‌లో పోశాయి. పార్టులు వందల్లో ఉండే కిట్‌లూ ఉన్నాయి.

దొంగ పోతలూ వస్తాయి. కొన్న కిట్ మీదే మళ్లీ అచ్చు తీసి పోస్తారు. రెజిన్ గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి నకలుకు నకలు తీసేకొద్దీ బొమ్మ చిన్నదవుతుంది, గీతలు మొద్దుబారతాయి. చవక అని కొంటే రుద్దుడు పని రెట్టింపు, చెక్కినవాడికి దక్కేది సున్నా.

ఇప్పుడు అసలు బొమ్మను చాలామంది కంప్యూటర్‌లో చెక్కి త్రీడీ ప్రింటరుతో తీస్తున్నారు. సాండ్‌పేపర్ పని మాత్రం తప్పలేదు, పొరల గీతల్ని ఎవరో ఒకరు రుద్దాల్సిందే. సేకరించేవాళ్లలో విప్పని పెట్టెలు పేర్చుకునేవాళ్లే ఎక్కువ. నాకు అది నచ్చదు, కానీ కారణం అర్థమవుతుంది: మళ్లీ దొరకని కిట్‌ను చెడగొట్టుకుంటామన్న భయం. అయితే పెట్టెలో ఉన్నా రెజిన్ పసుపెక్కుతుంది. రేకుల కప్పు కింద అటక మీద పెడితే ఏప్రిల్ దాటేసరికి సన్నని కాళ్లు వంగిపోవచ్చు. దాచుకునేవాళ్లు కింది అరలో పడుకోబెట్టి దాచండి. కట్టదలచుకున్నవాళ్లు పెద్దదాని జోలికి పోకుండా పది పార్టుల చిన్న కిట్‌తో మొదలుపెట్టండి.